బదులు టీచర్లను ఉత్త చేతులతో పంపకండి: పాఠశాల విద్యా సంచాలకుల వారికి బహిరంగ లేఖ

తెలంగాణ రాష్ట్ర పాఠశాల విద్యా సంచాలకుల వారికి,

నమస్కారాలు.

నేను ముప్పై మూడేళ్లు ప్రాథమిక పాఠశాలల్లో పని చేసి పదవీ విరమణ పొందిన ఉపాధ్యాయురాలిని. ఈ కాలంలో ఎన్నోసార్లు సర్దుబాటు మీద, అంటే టీచరు లేని బడికి తాత్కాలికంగా పంపే ఉత్తర్వు మీద, పొరుగు బడులకు వెళ్లాను. నేను సెలవు పెట్టినప్పుడు నా తరగతికి వేరేవారు వచ్చారు. చివరి తొమ్మిదేళ్లు ప్రధానోపాధ్యాయురాలిగా ఉండి, అలా వచ్చినవారికి తరగతులు అప్పగించాను. ఒక టీచరు లేనప్పుడు ఆ స్థానంలోకి ఒక మనిషిని పంపితే పని అయిపోయినట్టేనని మన శాఖ భావిస్తున్నది. ఆ మనిషి తరగతిలోకి ఏమి తీసుకుపోవాలో, ఆ తరగతి గురించి ఎవరు ఏమి చెప్పి పంపాలో నేను అందుకున్న ఏ సర్దుబాటు ఉత్తర్వులోనూ లేదు. బడి పేరు, మండలం పేరు, చేరవలసిన తేదీ, అంతే. దీని గురించే మీకు రాస్తున్నాను.

2024 డీఎస్సీలో 11,062 పోస్టులకు ప్రకటన ఇచ్చి, ఆ ఏడాది అక్టోబరులో నియామక పత్రాలు అందించిన తరువాత ఈ ఇబ్బంది తీరిందని అనుకునేవారు ఉన్నారు. నియామకం ఖాళీ పోస్టును నింపుతుంది గానీ సెలవులో ఉన్న టీచరు కుర్చీని నింపదు. కొత్తగా చేరినవారిలో యువతులు చాలామంది ఉన్నారు. ప్రసూతికి 180 రోజుల సెలవు వారి హక్కు, అది ఒక్క రోజు కూడా తగ్గకూడదు. కానీ జూన్‌లో తెరిచి ఏప్రిల్‌లో మూసే బడికి అది చదువుల కాలంలో సగానికి మించిన భాగం. దీనికి తోడు 2027 మార్చి 1ని ప్రాతిపదికగా పెట్టుకున్న జనగణన ఉంది. విద్యా హక్కు చట్టం 27వ సెక్షన్ బోధనేతర పనులను నిషేధిస్తూనే జనగణనను, ఎన్నికలను, విపత్తు సహాయాన్ని మినహాయించింది కాబట్టి టీచర్లు ఆ పనికి వెళ్లక తప్పదు. అదే చట్టం 60 మంది లోపు పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకు ఇద్దరు టీచర్లను చెబుతున్నది. ఐదు తరగతులకు ఇద్దరున్న బడిలో ఒకరు లేకపోతే ఏమవుతుందో మీకు నేను వివరించనక్కరలేదు.

ఒకప్పుడు ఈ అవసరానికి విద్యా వాలంటీర్లు ఉండేవారు. నెలకు 12,000 రూపాయల గౌరవ వేతనం, అదీ ఎన్నో నెలలు ఆలస్యంగా అందుతున్నా, వారిలో చాలామంది ఊరివారో పక్క ఊరివారో కావడం వల్ల ఏడాది పొడుగునా అదే బడిలో నిలిచేవారు. 2020లో కరోనాతో బడులు మూతపడ్డ తరువాత వారిని తిరిగి తీసుకోలేదు. ఇప్పుడు జరుగుతున్నదల్లా సర్దుబాటే: పిల్లలు తక్కువగా ఉన్న బడి నుంచి ఒక టీచరును తీసి, టీచరు లేని బడికి పంపడం. ఆమె చేరిన మూడు వారాలకు మరో ఉత్తర్వు వచ్చి వెనక్కు వెళ్లడం కూడా నేను చూశాను.

నా మొదటి కాన్పు తరువాత బడికి తిరిగి వచ్చిన రోజు నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది. మూడో తరగతిలో ఒక పాప తన నోటు పుస్తకం తెచ్చి సంతోషంగా చూపించింది. ముత్యాల్లాంటి అక్షరాలు. ఒకే పాఠం ఆరుసార్లు రాసి ఉంది. అందులో మొదటి వాక్యం చదవమంటే ఆ పాప నా ముఖం చూసింది. చదవలేదు. మిగిలిన పుస్తకాలు తీసి చూస్తే అన్నింటిలోనూ అదే పాఠం, ప్రతి పేజీ కింద ఎర్ర సిరాతో ఒక టిక్కు. నేను లేని కాలంలో నా తరగతికి వచ్చినది హైస్కూలు నుంచి సర్దుబాటు చేసిన సాంఘిక శాస్త్రం మాస్టారు. ఆయన సోమరి కాదు, రోజూ వేళకు వచ్చేవారని ఊళ్లో అందరూ చెప్పారు. మూడు, నాలుగు, ఐదు తరగతులు ఒకే గదిలో కూర్చుంటే ఏం చేయాలో ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఎవరికి ఒత్తులు వచ్చునో, ఎవరు ఇంకా గుణింతాల దగ్గరే ఉన్నారో రాసి పెట్టిన కాగితం ఒక్కటీ ఆయనకు దొరకలేదు. ఆ కాగితం రాసి పెట్టవలసినది నేనే. నన్ను ఎవరూ అడగలేదు, నాకూ తోచలేదు. కాబట్టి గదిని నిశ్శబ్దంగా ఉంచే దారి ఒక్కటే ఆయనకు మిగిలింది: చూసి రాయండి.

అందువల్ల బదులు వచ్చే టీచరు తీసుకురావలసినవాటిలో మొదటిది ఆ రోజుకు తన సొంత పాఠం అని నా అభిప్రాయం. మొదటి పూట పాఠ్యపుస్తకం తెరవనక్కరలేదు. ఒకటో తరగతి నుంచి ఐదో తరగతి దాకా ఎవరి స్థాయిలో వారు పాల్గొనగల పని ఒకటి ఆమె సంచిలో సిద్ధంగా ఉండాలి. మా బడికి ఒక ఏడాది వచ్చిన విద్యా వాలంటీరు అబ్బాయి మొదటి రోజు ఒక పురికొస ఉండ తెచ్చాడు. పిల్లలను బయటికి తీసుకుపోయి బడి ఆవరణను అడుగులతో, జేనలతో, తరువాత మీటరు కొలత ముడులు వేసిన ఆ పురికొసతో కొలిపించాడు. చిన్నవాళ్లు లెక్కపెట్టారు, పెద్దవాళ్లు కూడారు, ఐదో తరగతివాళ్లు చుట్టుకొలత కట్టారు. అందరి అడుగులూ ఎందుకు ఒకే లెక్క రాలేదని ఒక పిల్లవాడు అడిగితే దాని మీదే మధ్యాహ్న భోజనం దాకా మాట్లాడుకున్నారు. సాయంత్రానికి ఆ అబ్బాయికి ముప్పై నలుగురి పేర్లూ వచ్చాయి, ఎవరికి లెక్క ఎంతవరకు వచ్చునో కూడా తెలిసింది. బీఈడీలో చేరడానికి ముందు ఇంటి దగ్గర ఉన్న కుర్రవాడు. ఇది అతనికి ఎవరూ నేర్పలేదు, కానీ నేర్పదగిన పనే.

రెండవది చెవి. తరగతిలో ఏ మాట వాడుతున్నారో ముందు విని, తరువాత బోధించడం. 52లో నుంచి 27 తీసివేయడాన్ని ఒక టీచరు ‘రెండులో ఏడు పోదు, పక్కన పదుల ఇంటి నుంచి ఒకటి అప్పు తెచ్చుకో’ అని నేర్పి ఉంటారు. వారం తరువాత వచ్చిన మరొకరు అప్పు అనే మాటే లేకుండా పదిని పది ఒకట్లుగా విడగొట్టి చూపిస్తారు. రెండూ సరైనవే. కానీ పద్ధతి మారిందని చెప్పకుండా మార్చితే అప్పుడప్పుడే పట్టు దొరుకుతున్న పిల్లవాడు రెండూ వదిలేస్తాడు. ఉట్నూరు ఏజెన్సీ వంటి చోట్ల ఈ చెవి ఇంకా అవసరం. ఇంట్లో గోండి మాట్లాడే పిల్లల తరగతికి మైదానం నుంచి వెళ్లిన టీచరు కనీసం రా, కూర్చో, నీళ్లు, ఆకలి, నొప్పి, బయటికి వెళ్లాలి అనే మాటలైనా పిల్లల భాషలో తెలుసుకుని వెళ్లాలి. ఒకటో తరగతి పాప కడుపు నొప్పి అని చెబుతున్నది అర్థం కాక కూర్చోమని గద్దించే పరిస్థితి రాకూడదు.

తీసుకురాకూడనివి కూడా ఉన్నాయి. బెత్తం గురించి చట్టం 17వ సెక్షన్‌లో స్పష్టంగా చెప్పింది, నేను మళ్లీ చెప్పను. ‘మీ టీచరు మీకు ఇది కూడా నేర్పలేదా’ అన్న మాట మాత్రం ఏ చట్టంలోనూ లేదు. ఆ ఒక్క మాటతో పిల్లలు తమ టీచరు పక్షాన నిలబడి కొత్తవారికి మనసు మూసేస్తారు. ఇంకా చిన్నపిల్లలైతే, మా టీచరుకు రాదేమోనని అనుమానపడతారు. సెలవు నుంచి తిరిగి వచ్చిన టీచరు ఆ గౌరవం మళ్లీ సంపాదించుకోవడానికి నెల పడుతుంది.

ఇవన్నీ బదులు వచ్చేవారి బాధ్యతలు. శాఖ చేయవలసినది ఇంతకంటే ఎక్కువ అని నా నమ్మకం. విద్యా హక్కు చట్టం టీచరుకు వారానికి 45 గంటల పని అని చెబుతూ, పాఠం తయారీ సమయాన్ని కూడా అందులో కలిపింది. అంటే తయారీ కూడా పనేనని చట్టం గుర్తించింది. సర్దుబాటు ఉత్తర్వు సాయంత్రం వాట్సాప్‌లో వచ్చి మరునాడు ఉదయం చేరమంటే ఆ తయారీకి చోటెక్కడ? ప్రసూతి సెలవు హఠాత్తుగా వచ్చేది కాదు, నెలల ముందే తెలుస్తుంది. సెలవు మొదలయ్యే ముందు కనీసం రెండు రోజులు పాత టీచరు, కొత్త టీచరు ఒకే గదిలో కలిసి పని చేసేలా ఉత్తర్వు ఇవ్వడానికి అదనంగా అయ్యే ఖర్చు దాదాపు ఏమీ లేదు.

మదనపల్లె దగ్గరి రిషీవ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రం తన పల్లె బడుల కోసం రూపొందించిన పద్ధతిని మీరు ఎరుగుదురు. అక్కడ పాఠాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, గోడ మీద నిచ్చెనలాగా వరుసగా గుర్తులు పెడతారు. ఏ మెట్టు మీద ఉన్నాడో, తరువాత ఏ కార్డు తీయాలో పిల్లవాడికే తెలుసు. ఒక్క టీచరు ఉన్న బడి కోసం పుట్టిన పద్ధతి అయినా, టీచరు మారినప్పుడు పిల్లల చదువు తెగిపోకుండా నిలబెట్టేది అందులోని ఆ గోడ నిచ్చెనే. ప్రాథమిక తరగతుల పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు పట్టుబడేలా చేసే మన తొలిమెట్టు కార్యక్రమంలో కూడా 2022 నుంచి పిల్లలను స్థాయిల వారీగా గుర్తిస్తున్నాం. ఆ వివరాలు రికార్డులకు, ఆన్‌లైన్ నమోదుకు వెళ్తున్నాయి గానీ, ఆ గదిలోకి కొత్తగా అడుగుపెట్టిన టీచరు చేతికి రావడం లేదు.

నేను కోరేది ప్రతి తరగతి గదిలో టీచరు బల్ల మీద ఉండే ఒక పుస్తకం. తనిఖీకి చూపే రికార్డు కాదు, దాని మీద ఎవరి సంతకమూ ఉండనక్కరలేదు. పాఠం ఎక్కడ ఆగింది, ఏ పిల్లలు ఏ స్థాయిలో ఉన్నారు, రెండు మాధ్యమాల్లో ముద్రించిన పుస్తకంలో ఏ వైపు పేజీ చదివిస్తున్నారు, తీసివేత ఏ పద్ధతిలో చెప్పారు, ఎవరికి మూర్ఛ వస్తుంది, ఎవరికి చూపు తక్కువ కాబట్టి ముందు వరుసలో కూర్చోవాలి, సాయంత్రం ఏ పాపను అన్న వచ్చి తీసుకుపోతాడు. బదులు వచ్చినవారు వెళ్లేటప్పుడు తాము చెప్పినది, గమనించినది అందులోనే రాసి పోవాలి. పురికొస తెచ్చిన ఆ అబ్బాయి ఎవరూ అడగకుండానే నాకు అలాంటి పుస్తకం ఒకటి రాసి ఇచ్చి వెళ్లాడు. ఆ ఏడాది నేను ఏ పాఠమూ మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టవలసిన అవసరం రాలేదు.

దీనితో పాటు సర్దుబాటు ఉత్తర్వులో బడి పేరు పక్కన తరగతులు, సబ్జెక్టులు, కాలపరిమితి రాయాలని, ఆ కాలపరిమితి ముగియకుండా మరో ఉత్తర్వుతో కదల్చకూడదని, చుట్టుపక్కల బడులను కలిపిన ప్రతి స్కూల్ కాంప్లెక్సులో ఇదే పని కోసం ఇద్దరు టీచర్లను బహుళ తరగతి బోధనలో శిక్షణ ఇచ్చి ఉంచాలని, మళ్లీ వాలంటీర్లను తీసుకుంటే వారి గౌరవ వేతనం నెల నెలా అందేలా చూడాలని విన్నవించుకుంటున్నాను. కాంప్లెక్సులో ఆ ఇద్దరు, ఏ టీచరూ సెలవులో లేని రోజుల్లో ఖాళీగా ఉంటారన్న అభ్యంతరం వస్తుంది. తొలిమెట్టులో వెనకబడిన పిల్లల చిన్న జట్టుతో కూర్చోవడానికి ఏ బడిలోనైనా మరో మనిషి ఎప్పుడూ అవసరమే.

బడులు తెరిచే లోపు ఆ పుస్తకానికి ఒక నమూనా పేజీ తయారు చేయించాలని మీరు అనుకుంటే, నేను దాచుకున్న పాత నోట్సులు మూడు ఉన్నాయి. పిల్లల పేర్లు తీసేసి వాటి నకళ్లు మీ కార్యాలయానికి పంపగలను.

గౌరవపూర్వకంగా,

ఒక విశ్రాంత ప్రాథమిక పాఠశాల ప్రధానోపాధ్యాయురాలు