ముర్రుపాలు ముందు దూడకి

సంపాదకులు గారికి నమస్కారం.

చలికాలం వస్తే మీ పత్రికలో మా కొరాపుట్ జిల్లా ఫొటోలు తప్పకుండా వేస్తారు. దేవమాలి కొండ మీద పొగమంచు, సాలూరు ఘాటీలో పట్టపగలే లైట్లేసుకుని వచ్చే బస్సులు, సెమిలిగుడ రోడ్డు పక్కన చలిమంట కాచుకునే జనం. బాగుంటాయి, మేమూ చూసుకుని మురుస్తాం. కానీ ఆ మంచులోనే మా ఊళ్ల పశువుల సాలల్లో, పుట్టి పదిరోజులైనా నిండని దూడలు పోతున్నాయి. ఆ సంగతి ఏ పేజీలోనూ రాదు. దసరా వెళ్లింది, ఇంకో నెలలో చలి దిగుతుంది. ఈలోగానే రాయమని అడగడానికి ఈ ఉత్తరం.

మాది సెమిలిగుడ దగ్గర పల్లె. మా మామగారి కాలంలో సాలూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాం. నాలుగు జెర్సీ సంకరం ఆవులున్నాయి. సునాబెడలో కొన్ని ఇళ్లకి వాడుక పాలు పోస్తాం, మిగిలినవి పాల కేంద్రానికి వేస్తాం. పద్నాలుగేళ్లుగా ఇల్లు నడిచేది వీటి మీదే.

పోయిన సంక్రాంతికి నాలుగు రోజుల ముందు, తెల్లవారుజామున మూడున్నరకి మా ఆవు ఈనింది. పెయ్యదూడ, నుదుట తెల్లచుక్క. సిమెంటు గచ్చు మీద పడింది. తల్లి నాకుతూనే ఉంది గానీ ఆ చలిలో ఒళ్లు ఆరలేదు. నేను పొదుగు కడగబోతే మా అత్త ఆపింది. "మావి పడనీ అమ్మా, అందాకా ముర్రు తాగించకూడదు" అంది. మావి అంటే ఈనాక ఆవుకి పడే మాయ, ముర్రు అంటే ఈనగానే వచ్చే మొదటి పాలు. ఆవిడకి వాళ్ల అత్త చెప్పిన మాట అది. నేనూ ఎదురు చెప్పలేదు. మావి పడేసరికి పొద్దున్న పదకొండయింది. అప్పటికి దూడ లేవడం మానేసింది. నోట్లో వేలు పెడితే చల్లగా తగిలింది, వేలు చీకే ఓపిక కూడా లేదు. సీసాతో పోస్తే సగం పక్కకే కారిపోయింది. ఇంతలో జున్నుకని మూడిళ్ల వాళ్లు గిన్నెలు పంపించారు. దూడ తాగలేనివి కదా అని ఇచ్చేశాం. నాలుగో రోజు దానికి తెల్లగా పారుడు, అంటే విరేచనాలు, పట్టుకుంది. ఆసుపత్రికి కబురు పెడితే మర్నాటికి గానీ మనిషి రాలేకపోయారు. ఆరో రోజు పోయింది. ఆవు రెండు పూటలు అరుస్తూనే ఉంది, పాలు చేపలేదు.

ఆ వచ్చిన డాక్టరు గారు నన్ను కూర్చోబెట్టి చెప్పినవి ఆనాడే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. మన పిల్లలకి తల్లి కడుపులోనే కొంత రోగనిరోధక శక్తి అందుతుంది. ఆవు దూడకి ఆ దారి లేదు, దానికి వచ్చేదంతా ముర్రుపాలలోంచే రావాలి. అది కూడా పేగు లోపలికి రానిచ్చేది మొదటి గంటల్లోనే. ఆరు గంటలు దాటితే బాగా తగ్గిపోతుంది, ఒక రోజు గడిస్తే దాదాపు మూసుకుపోతుంది. ఇరవై అయిదు కిలోల దూడకి రెండున్నర లీటర్ల ముర్రు కావాలి. అందులో సగమైనా పుట్టిన రెండు గంటల్లో పడాలి. మావి సంగతి అడిగాను. దూడ పొదుగు చీకితే గర్భసంచి ముడుచుకుంటుంది, మావి పడడానికి అది సాయమే అన్నారు. మా అత్త పక్కనే ఉండి విన్నది. ఆ రోజంతా ఆవిడ మాట్లాడలేదు.

మా ఒక్క ఇంటి ముచ్చటే అయితే మీ పత్రికకి రాసేదాన్ని కాదు. ఆ నెలలోనే మా వీధిలో ఇంకో రెండిళ్లలో దూడలు పోయాయి. అడిగితే అందరూ "చలికి పోయింది" అన్నారు. నిజమే, మా దగ్గర డిసెంబరు, జనవరి రాత్రుల్లో పది డిగ్రీల కిందికి దిగడం మామూలే. కానీ ముర్రు అందక, కడుపు నిండక, తడి గచ్చు మీద పడుకున్న దూడని చలి చివర్లో వచ్చి తీసుకుపోతుంది. ఆ ముందు జరిగినవన్నీ మన చేతుల్లోవే.

"జెర్సీ చలిదేశపు ఆవు, దానికి చలేమిటి" అనేవాళ్లు మా ఊళ్లో చాలామంది. పెద్ద ఆవుకి ఆ మాట సరిపోతుంది. దాని కడుపులో మేత పులిసేటప్పుడు పుట్టే వేడే దాన్ని కాస్తుంది. చంటి దూడకి ఆ కడుపు ఇంకా పనిచెయ్యదు, చర్మం పలచన, ఒంట్లో కొవ్వు నామమాత్రం. మొదటి మూడు వారాల్లో పదిహేను డిగ్రీల కిందికి వెళ్తేనే అది ఒంటి వేడి నిలుపుకోవడానికి తాగిన పాలు ఖర్చు పెట్టడం మొదలుపెడుతుంది. మనం పదిహేను డిగ్రీలంటే చక్కని వాతావరణం అనుకుని దుప్పటి కూడా తియ్యం.

అందుకని చలికాలంలో దూడకి పాలు పెంచాలి. మనం చేసేది సరిగ్గా దీనికి ఎదురు. చలికి పాల వాడకం పెరుగుతుంది, టీ బడ్డీ వాళ్లు ఇంకో లీటరు అడుగుతారు. అప్పుడు కోత పడేది దూడ వాటా మీదే. పాలన్నీ పిండేసుకుని ఉత్త పొదుగు దగ్గర దూడని విడిచిపెడతాం. ఒంటి బరువులో పదో వంతు పాలు రోజుకి ఇవ్వాలని అందరూ చెప్తారు. మా రాత్రులకి అది చాలదు. పావు వంతైనా పెంచాలి, కుదిరితే రెండు పూటలు కాకుండా మూడు పూటలు చెయ్యాలి. అవీ అప్పుడే పిండిన గుమ్మపాల వేడితో ఉండాలి. క్యానులో చల్లారిపోయినవి పోస్తే వాటిని వెచ్చబెట్టుకోవడానికే దూడ శక్తి కొంత పోతుంది. పారుడు పట్టగానే పాలు ఆపేసే అలవాటు కూడా మా ఊళ్లలో ఉంది, డాక్టరు గారు అది చాలా గట్టిగా ఖండించారు. పాలు ఇస్తూనే మధ్యలో ఉప్పు, గ్లూకోజ్ కలిపిన గోరువెచ్చని నీళ్లు పట్టించమన్నారు.

సాల సంగతి ఇంకోటి. చలి అనగానే నాలుగు వైపులా టార్పాలిన్ కట్టేస్తాం. మేమూ కట్టాం. తెల్లవారి అయిదింటికి ఆ టార్పాలిన్ ఎత్తి లోపలికి వెళ్తే ఉచ్చ ఘాటుకి కళ్లలో నీళ్లు తిరిగేవి. నేను రెండు నిమిషాలు ఉండలేని చోట ఆ దూడ రాత్రంతా, నేలకి జానెడు ఎత్తులో ముక్కు పెట్టుకుని ఊపిరి తీసింది. దగ్గు, న్యుమోనియా వచ్చేది అక్కడే. ఇప్పుడు గాలి కొట్టే వైపు మాత్రం దూడ ఎత్తు దాకా కడుతున్నాం, కప్పు కింద జానెడు ఖాళీ వదులుతున్నాం. కింద ఎండు వరిగడ్డి మందంగా పరుస్తున్నాం, పడుకుంటే కాళ్లు కనబడనంత. పొద్దున్నే ఆ గడ్డి మీద నేను మోకాళ్లు ఆనించి కూర్చుంటాను. చీర తడి తగిలితే ఆ పూటే గడ్డి మార్చేస్తాను. గోనె సంచి చీల్చి నాలుగు తాళ్లు కుట్టి రాత్రి వీపు మీద కట్టి, ఎండ రాగానే విప్పి ఆరేస్తాం. తడిసిన గోనె కట్టడం కంటే కట్టకపోవడమే మేలు. పుట్టగానే బొడ్డుకి టింక్చర్ అయొడిన్ రాయడం, పది పదిహేను రోజులకి ఏలికపాముల మందు తాగించడం, ఇవి పెద్ద ఖర్చు పనులేం కావు.

ఇదంతా తెలిసిన వాళ్లు మాకు దూరంగా లేరు. కృషి విజ్ఞాన కేంద్రం మా సెమిలిగుడలోనే ఉంది. జెర్సీ పశువుల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే పశుసంవర్ధన క్షేత్రం పక్కనే సునాబెడలో ఉంది. చలికి ముందు ఒక్క రోజు మా ఆడవాళ్లని అక్కడికి పిలిచి దూడల సాల చూపించమని అడుగుతున్నాను. ఏ పల్లెలో చూసినా దూడల పని చేసేది ఆడవాళ్లం, మీటింగులకి పిలుపు వచ్చేది మగవాళ్లకి. కరపత్రాలు ఒడియాలో వస్తాయి. నాకు ఒడియా మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. మా పక్కింటి పరజా తెగ అమ్మకి వచ్చింది ఇక్కడి దేశియా మాటే, ఏ కాగితమూ ఆమెకి అక్కరకి రాదు. వారపు సంతలో మైకు పెట్టి తెలుగు, ఒడియా, దేశియా మూడు భాషల్లోనూ చెప్పిస్తే చాలు, ఊరంతటికీ చేరుతుంది.

పాల కేంద్రాల వాళ్లకి ఒక మాట. కొవ్వు శాతం రాసుకునే పుస్తకంలో ఇంకో గడి గీయండి. ఈ నెల ఎవరింట ఆవు ఈనింది, దూడ ఎన్ని గంటలకి ముర్రు తాగింది, నెల తిరిగేసరికి ఉందా పోయిందా. పోయిన దూడకి ఇన్సూరెన్సూ లేదు, పోయినట్టు రాసే కాగితమూ లేదు. రెండున్నర, మూడేళ్లకి చూడి కట్టి ఈనాల్సిన పెయ్య ఆరో రోజున పోతే, మీ కేంద్రానికి రావలసిన పాలు కూడా దానితోటే పోయినట్టు.

జున్ను తినొద్దని నేను అనడం లేదు. మా ఇంట్లోనూ అందరికీ ఇష్టమే. దూడ కడుపు నిండా తాగాక మిగిలింది వండుకుందాం. మొదటి రోజు ముర్రు గిన్నెల్లో పంచే ఆనవాయితీ ఇంక మానేద్దాం.

చివరిగా మీకు ఒక విన్నపం. జిల్లా పేజీలో రాత్రి ఉష్ణోగ్రత రోజూ వేస్తారు కదా. ఈ డిసెంబరులో ఆ అంకె కింద ఒక్క ముక్క వెయ్యండి: "ఆవు ఈనిన రెండు గంటల్లో దూడకి ముర్రు పట్టించండి, మావి కోసం ఆగకండి." మార్గశిరంలో మా ఆవు ఒకటి ఈనబోతోంది. ఆ పేపరు సాల గోడకి అతికించుకుంటాను.

ఇట్లు,
ఒక పాడి రైతు,
సెమిలిగుడ, కొరాపుట్ జిల్లా, ఒడిశా