ఆ జుట్టు సొంతమా అని అడిగావు

అట్లాంటా,
అక్టోబరు 12.

ప్రియమైన నేస్తానికి,

నీ ఉత్తరం అందింది. అమ్మాయి పట్టా పుచ్చుకున్న రోజు ఫొటోలు ఇంటిల్లిపాదికీ చూపించానని రాశావు, చాలా సంతోషం. అయితే మూడో ఫొటోలో నా పక్కన నిలబడిన నా నల్లజాతి సహోద్యోగినిని గురించి నీవు రాసిన రెండు వాక్యాలు నాలుగు రోజులుగా నన్ను వదలడం లేదు. "ఆవిడ జుట్టు నడుము దాకా ఉందే, అది సొంతమా, పెట్టుడు జుట్టా? పెట్టుడైతే మన తిరుమల కొండ మీద నుంచి వచ్చిందే అయి ఉంటుంది" అన్నావు. నీ మనసులో ఏ చెడ్డ ఉద్దేశమూ లేదని నాకు తెలుసు. ఎందుకంటే ఎనిమిదేళ్ల కిందట ఇదే ప్రశ్నను నేను నేరుగా ఆమెనే అడిగాను. అందుకే దీనికి ఒక్క ముక్కలో జవాబు రాసి ఊరుకోలేకపోతున్నాను.

అప్పటికి నేను ఆ ఆఫీసులో చేరి నెల కూడా కాలేదు. శుక్రవారం సాయంత్రం ఇంటికి వెళ్లేటప్పుడు ఆమె జుట్టు చెవుల చుట్టూ చిన్న చిన్న చుట్టలుగా, గుండ్రంగా ఉండేది. సోమవారం ఉదయం వచ్చేసరికి అదే తల మీద వీపు సగం దాకా జారుతూ, నిగనిగలాడే సాఫు జుట్టు కనిపించింది. రెండు రోజుల్లో జుట్టు అంత పొడుగు పెరగదు కదా, కనుక ఇది అతికించుకున్నదే అని నాలో నేను తీర్మానించుకున్నాను. మధ్యాహ్నం భోజనాల బల్ల దగ్గర నలుగురి ముందూ "చాలా బాగుంది, ఇది నిజమైన జుట్టేనా?" అని అడిగాను. ఆమె చెంచా కింద పెట్టి, "నాదే" అని ఒక్క మాట అని, మళ్లీ తినడం మొదలుపెట్టింది. ఆ రోజు ఉదయం నుంచి ఆ ప్రశ్న అడిగినవాళ్లలో నేను ఐదోదాన్నని, అడగకుండానే వెనుక నుంచి వేళ్లు పెట్టి చూసినవాళ్లు ఇద్దరున్నారని, మా స్నేహం బలపడిన తరువాత ఎప్పుడో చెప్పింది.

అసలు జరిగింది ఏమిటో కూడా అప్పుడే తెలిసింది. ఒక శనివారం వాళ్లింటికి వెళ్లినప్పుడు ఆమె తల కడుక్కుంటూ ఉంది. చెవి పక్కనున్న ఒక చుట్టను రెండు వేళ్లతో పట్టుకుని మెల్లగా కిందికి లాగింది. అది సాగుతూ సాగుతూ రొమ్ము దాటి పొట్ట దాకా వచ్చింది. వదిలిపెట్టగానే ముడుచుకుని మళ్లీ చెవి దగ్గరికి చేరింది. దీనిని వాళ్లు ష్రింకేజ్ అంటారు. బాగా బిగువైన చుట్టల జుట్టు ఆరిన తరువాత తన అసలు పొడవులో పావు వంతుకే కనిపించవచ్చు. ఆ శని, ఆదివారాల్లో ఆమె చేయించుకున్నది సిల్క్ ప్రెస్, అంటే జుట్టును శుభ్రంగా కడిగి, ఆరబెట్టి, వేడి పలకల మధ్య పాయలు పాయలుగా సాగదీయడం. ఆ పొడవంతా శుక్రవారం నాడు కూడా ఆమె తల మీదనే ఉంది. చుట్ట చుట్టుకుని ఉన్నందువల్ల నా కళ్లకు కనపడలేదు, అంతే.

నల్లజాతి స్త్రీలకు జుట్టు పెరగదన్న మాట ఇక్కడ చాలామంది నోట వినిపిస్తుంది, మన తెలుగువాళ్ల ఇళ్లల్లో మరీ ఎక్కువగా వినిపిస్తుంది. పెరగకపోవడం అనేది లేనే లేదు. మనుషులకు తల జుట్టు సగటున నెలకు ఒక సెంటీమీటరు అటూ ఇటూగా పెరుగుతుంది. ఆఫ్రికా మూలాలున్నవారిలో ఆ వేగం కొంచెం తక్కువని కొలిచి చూసినవారు చెప్పారు. కానీ ఎంత పొడుగు కనిపిస్తుందన్నది కుదుళ్ల దగ్గర ఎంత పుట్టిందన్న దానితో పాటు, చివరల దగ్గర ఎంత విరిగిపోకుండా మిగిలిందన్న దాని మీద కూడా ఆధారపడి ఉంటుంది. సాఫు వెంట్రుక మీదుగా మాడులోని నూనె సులువుగా చివరి దాకా జారుతుంది. మెలికలు తిరిగిన వెంట్రుక మీద ఆ నూనె మలుపుల దగ్గరే ఆగిపోతుంది, కనుక చివరలు ఎప్పుడూ పొడిబారి ఉంటాయి. పైగా ప్రతి మలుపూ ఒక బలహీనమైన చోటు, పొడి జుట్టును దువ్వెనతో లాగితే తెగేది అక్కడే. అందువల్ల పొడుగు జుట్టు కావాలనుకునే స్త్రీ చేసే పనంతా ఉన్నదాన్ని కాపాడుకోవడమే. తడి మీదనే, పాయలుగా విడదీసి, వేళ్లతో చిక్కు తీసుకోవడం, తేమ ఆరిపోకుండా నూనె పట్టించడం, వారాల తరబడి జడలల్లి కదిలించకుండా ఉంచడం, రాత్రి దిండు రాపిడికి విరగకుండా శాటిన్ టోపీ కట్టుకోవడం. దీనికంతటికీ వాళ్లు వాష్ డే అని పేరు పెట్టుకున్నారు, నిజంగానే ఒక రోజంతా పడుతుంది. చూస్తుంటే నాకు మా అమ్మమ్మ ఆదివారం అరుగు మీద కూర్చోబెట్టి, కొబ్బరినూనె కాచి తలకు పట్టించి, కళ్లు పైకి లాగేలా బిగించి జడ వేయడం గుర్తుకొచ్చింది. ఆవిడకూ తెలిసింది ఇదే, జుట్టును వదిలేస్తే నిలవదని.

ఇక వీవ్, అంటే సొంత జుట్టుకు కుట్టించుకునే పెట్టుడు జుట్టు సంగతి. దానిని విగ్గు అనుకోవద్దు. సొంత జుట్టును మాడుకు ఆనించి సన్నని వరుసలుగా అల్లుతారు, వాటిని కార్న్‌రోస్ అంటారు. కుట్టు అంచున్న వెంట్రుకల పట్టీలను వంకర సూదితో, దారంతో ఆ వరుసల మీద కుడతారు. ఈ పద్ధతికి 1952లో ఒహాయోకు చెందిన క్రిస్టీనా జెంకిన్స్ అనే నల్లజాతి స్త్రీ పేటెంటు పొందింది. అంతకుముందు అదనపు జుట్టును పిన్నులతో పెట్టుకునేవారు, అది జారిపోతుందేమోనన్న భయం ఉండేది. ఇప్పుడు ఒకసారి కుట్టించుకుంటే ఆరు నుంచి ఎనిమిది వారాలు ఉంటుంది. నేను ఎన్నడూ ఊహించని విషయం ఒకటుంది, ఆ పట్టీల కింద అల్లి ఉన్న సొంత జుట్టు కూడా నడుము దాకా ఉండవచ్చు. ఎండకూ, వేడి ఇనుముకూ, రోజువారీ దువ్వెనకూ తగలకుండా రెండు నెలలు విశ్రాంతినివ్వడానికే చాలామంది వీవ్ వేయించుకుంటారు. మరీ బిగించి అల్లితే నుదుటి అంచున జుట్టు శాశ్వతంగా రాలిపోయే ప్రమాదం ఉంది, అది వాళ్లకు మనకంటే బాగా తెలుసు. అంటే పెట్టుడు జుట్టు కనబడినంత మాత్రాన సొంత జుట్టు లేదని కాదు. సొంతమా, పెట్టుడా అన్న ప్రశ్నలోనే ఈ రెండూ ఒకే తల మీద ఉండవన్న పొరపాటు ఉంది.

నా సహోద్యోగినిని ఎక్కువగా బాధపెట్టేది పరాయివాళ్ల ప్రశ్న కాదట, సొంతవాళ్లదట. చిన్నప్పుడు జుట్టు పొడుగ్గా ఉంటే చుట్టాలే "నీలో ఏ రక్తం కలిసింది?" అని అడిగేవారట. కొందరు ఇళ్లల్లో "మా వంశంలో ఇండియన్ రక్తం ఉంది" అని చెప్పుకోవడం మామూలు. అది విన్న మొదటిసారి నేను మనవాళ్లనుకున్నాను. వాళ్ల ఉద్దేశం అమెరికా ఆదివాసులు. నల్లతనం ఒక్కదాని నుంచే పొడుగు జుట్టు రాదని, ఎక్కడో మరొకరి రక్తం కలిసి తీరాలని ఆ మాటకు అర్థం. అలాంటి మాటలు విని పెరిగిన అమ్మాయిలు ఈనాడు వీడియోలలో జుట్టును పాయ పాయగా లాగి, కుదుళ్ల దాకా దువ్వెన దింపి, "చూడండి, కుట్లు లేవు" అని రుజువు చూపించుకుంటున్నారు. ఒక స్త్రీ తన తలకు తానే సాక్ష్యం పలకవలసి రావడం ఎంత కష్టమో ఆలోచించు.

ఈ అనుమానం నిన్న మొన్నటిది కాదు. 1786లో స్పెయిన్ ఏలుబడిలో ఉన్న లూసియానాలో గవర్నరు మిరో, స్వేచ్ఛగా ఉన్న నల్లజాతి స్త్రీలు తమ జుట్టు అలంకరణను ప్రదర్శించకూడదని, తలకు గుడ్డ కట్టుకుని తీరాలని ఆజ్ఞ వేశాడు. వాళ్లు ఆ గుడ్డనే రంగురంగుల బట్టతో, నగలతో కిరీటంలా చుట్టుకున్నారు. తరువాతి శతాబ్దాల్లో వేడి దువ్వెనలు, జుట్టును సాఫు చేసే రసాయనాలు వచ్చాయి. పొడుగ్గా, సాఫుగా ఉన్నది మంచి జుట్టు, చుట్టలుగా ఉన్నది చెడ్డ జుట్టు అన్న మాట స్థిరపడింది. చుట్టలతో వస్తే ఉద్యోగం ఇవ్వరు, సాఫుగా వస్తే నీది కాదంటారు. సహజమైన జుట్టు తీరును చూసి బడిలోనూ ఉద్యోగంలోనూ వివక్ష చూపకూడదన్న చట్టాన్ని, క్రౌన్ యాక్ట్ అనే పేరుతో, మొదట చేసిన రాష్ట్రం కాలిఫోర్నియా, అదీ 2019లో. దేశమంతటికీ వర్తించే బిల్లు 2022లో ప్రతినిధుల సభలో గెలిచి, సెనేటు దాటలేదు. మిషెల్ ఒబామా శ్వేతసౌధంలో ఉన్నంతకాలం జడలల్లుకోకుండా జుట్టును సాఫుగానే ఉంచడానికి కారణం, అమెరికా అందుకు ఇంకా సిద్ధంగా లేదని తనకు అనిపించడమేనని 2022లో చెప్పింది. విమానాశ్రయాల్లో భద్రతా సిబ్బంది నల్లజాతి స్త్రీల జుట్టులోకి చేతులు పెట్టి వెతకడం మీద ఫిర్యాదులు వచ్చి, 2015లో ఆ శాఖ తన సిబ్బందికి మళ్లీ శిక్షణ ఇస్తానని ఒప్పుకోవలసి వచ్చింది. నా సహోద్యోగిని ఇప్పటికీ ప్రయాణం ఉన్న రోజు జుట్టును ఎలా ముడివేయాలో ముందు రోజే ఆలోచించుకుంటుంది. నేను నా జడను గురించి అలా ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

ఇప్పుడు నీవు రాసిన కొండ మాటకు వస్తాను. ఇక్కడి అంగళ్లలో వెంట్రుకల కట్టల మీద ఇండియన్, బ్రెజీలియన్, పెరూవియన్ అని రాసి ఉంటుంది. ఆ పేర్లు చాలావరకు అమ్మకం కోసం పెట్టినవే, ఆ దేశంలో ఆ జుట్టు పెరిగిందన్న హామీ ఏమీ కాదు. అయితే కల్యాణకట్టలో భక్తులు ఇచ్చిన తలనీలాలు పొడవును బట్టి వేరుచేసి వేలం వేస్తారని, దేవస్థానానికి దాని మీద ఏటా వంద కోట్ల రూపాయలకు పైగా వస్తుందని నీకు నేను చెప్పనక్కరలేదు, తిరుపతిలో పుట్టి పెరిగినదానివి. ఒకేసారి గొరిగినందువల్ల కుదుళ్లన్నీ ఒక వైపు, చివరలన్నీ ఒక వైపు ఉంటాయి కనుక దానికి ధర ఎక్కువ. మన వీధుల్లో స్టీలు గిన్నెలకు మార్చుకునే చిక్కువెంట్రుకలు తలకిందులుగా కలిసిపోతాయి కనుక తక్కువ. అంటే మన అమ్మలు మొక్కుగా ఇచ్చినదాన్ని ఆమె డబ్బు పెట్టి కొనుక్కుని ఉండవచ్చు. కొనుక్కున్న చీర మనదైతే, కొనుక్కున్న జుట్టు ఆమెది ఎందుకు కాదు?

ఆ మాటకొస్తే ఈ విషయంలో మనకంటే బాగా అర్థం చేసుకోవలసినవాళ్లు ఎవరున్నారు? గొల్లవాడి దెబ్బకు స్వామి తల మీద జుట్టు ఊడినచోట నీలాదేవి తన జుట్టు తీసి అతికించిందని, భక్తుల జుట్టంతా ఆమెకే చెందుతుందని స్వామి వరమిచ్చాడని మనం చిన్నప్పటి నుంచి వింటున్న కథ. అది స్వామి సొంత జుట్టేనా అని ఏ భక్తుడూ అడగలేదు. భామాకలాపంలో సత్యభామ తెర మీదుగా జడ విసిరి సవాలు చేస్తుంది. ఆ వేషం కట్టిన మగవాడి వీపు మీద వేలాడేది సవరమని ఊరంతటికీ తెలుసు, అయినా అది భామ జడే. నా పెళ్లిలో పూలజడకు మీ అమ్మగారు తన సవరం తెచ్చి నా జడలో కలిపి అల్లారు, గుర్తుందా? ఆ రోజు వచ్చిన మూడు వందల మందిలో ఒక్కరూ నా జడను పట్టి లాగి చూడలేదు. మనకు సవరం అలంకారమయింది, నా సహోద్యోగిని పెట్టుకుంటే అదే మోసమన్నట్లు చూస్తున్నాము. ఈ తేడా జుట్టులో లేదు, ఎవరి తల అన్న దానిలో ఉంది.

మూడేళ్ల కిందట ఈ మాటలన్నీ ఆమెతో చెప్పి, ఆనాడు భోజనాల బల్ల దగ్గర అడిగినందుకు క్షమించమన్నాను. ఆమె సవరం అన్న మాటను రెండుసార్లు పలికి చూసి, మీ అమ్మగారి సవరం ఏ రంగులో ఉండేదని అడిగింది. నల్లగా, చివర మాత్రం కాస్త ఎర్రబారి ఉండేదని చెప్పాను.

నీ ప్రశ్నకు జవాబు నాకు తెలుసు. ఆ ఫొటో తీసిన రోజున అది ఆమె సొంత జుట్టో, కుట్టించుకున్నదో ఆమే నాకు చెప్పింది. కాని ఆ సంగతి ఆమె నాతో చెప్పుకున్నది, నీకు రాయమని చెప్పినది కాదు, అందువల్ల రాయడం లేదు. నీవు అర్థం చేసుకుంటావని తెలుసు.

సంక్రాంతికి మేమందరం వస్తున్నాము. మీ అమ్మగారి సవరం ఇంకా పెట్టెలో ఉంటే బయటికి తీసి ఒకసారి నూనె రాసి ఉంచు. అమ్మాయికి పూలజడ వేయించాలని ఉంది. దాని ఫొటో ఒకటి ఆమెకు చూపిస్తానని మాట ఇచ్చాను.

అమ్మగారికి నా నమస్కారాలు చెప్పు.

ఎప్పటికీ నీ,
నేస్తం