చెత్త బండి, వానపాముల తొట్టి: 2024–25లో మన సంఘం పని

సభ్యులందరికీ నమస్కారం. ఈ ఏడాది మన సమయం ఎక్కువగా చెత్తకే పోయింది కాబట్టి నివేదిక కూడా దాని గురించే. వీధి దీపాలు, బోరు మరమ్మతు అయిపోయాయి, లెక్కలు నోటీసు బోర్డులో ఉన్నాయి, చూసుకోండి.

తడి, పొడి చెత్త విడిగా ఇవ్వాలని 2016 నాటి కేంద్ర నిబంధనలే చెప్పాయి. డైపర్లు, ప్యాడ్లు కాగితంలో చుట్టి మూడో సంచిలో వేయాలి. కాలవ కట్ట మీది ఇళ్లవాళ్లు అందరికంటే ముందు అలవాటు చేసుకున్నారు. మెయిన్ రోడ్డు మేడల్లో మాత్రం చెత్త బండి ఈల వినగానే అన్నీ ఒకే కవర్లో కట్టి గోడ మీంచి అందిస్తున్నారు. పేర్లు రాయడం లేదు, ఎవరో మీకే తెలుసు.

అసలు కష్టం షెడ్డులో ఎరువు చేసే వానపాముల తొట్ల దగ్గర. తడి చెత్తను పేడతో కలిపి కొన్ని వారాలు మగ్గనిచ్చి, వేడి తగ్గాకే వానపాములను వదలాలి, పచ్చి చెత్త మీద వదిలితే ఆ వేడికే చస్తాయి. పిడికిట్లో పిండితే ఒకటి రెండు చుక్కలు రాలేంత తడి చాలు. ఇక మే నెలలో గుంటూరు ఎండ సంగతి చెప్పాలా? 35 డిగ్రీలు దాటితేనే వాటికి గడ్డుకాలం, అందుకే తాటాకు పందిరి, తడిపిన గోనెపట్టాలు. సరిగ్గా అప్పుడే ఆవకాయల సీజన్, కొత్తది పెట్టేముందు పాత జాడీల అడుగున మిగిలిందంతా తడి బుట్టలోకి వస్తుంది. ఆ ఉప్పు, నూనె తొట్టి మొత్తాన్ని పాడు చేస్తాయి. దయచేసి వేయకండి. టెంకలు కూడా ఓ పట్టాన కుళ్లవు, ఎండబెట్టి పొయ్యిలో వాడుకోండి.

మిర్చి రైతులకు ఒక మాట. ఖాళీ పురుగుమందు డబ్బాలు ఇంటి చెత్తలో కలపొద్దు. మూడుసార్లు కడిగి, ఆ నీళ్లు స్ప్రేయర్ ట్యాంకులోనే పోసి, డబ్బాకు చిల్లు పెట్టి విడిగా ఉంచండి. వాటినే కడిగి మంచినీళ్లకు వాడుతున్న ఇళ్లు ఇంకా ఉన్నాయి, చూస్తేనే టెన్షన్.

అట్టపెట్టెలు, ఇనుము, నీళ్ల సీసాలు పాత సామాన్లవాళ్లు ఇట్టే కొంటున్నారు. చిప్స్, షాంపూ ప్యాకెట్లు ఎవరికీ అక్కర్లేదు, రకరకాల పొరలు అతుక్కుని ఉంటాయి కాబట్టి విడదీయడం కుదరదు. బస్తాలు షెడ్డులోనే పేరుకుపోయాయి. కొండవీడు వైపు చెత్తతో కరెంటు తీసే ప్లాంటుకు పంపొచ్చు కదా అని చాలామంది అడిగారు. అది పట్టణాల చెత్త కోసం పెట్టింది, పైగా లారీ కిరాయి ఎవరు భరించాలన్నది తేలాలి. పంచాయతీతో మాట్లాడుతున్నాం. అలాగని తగలబెట్టేయకండి, ఆ పొగ పీల్చేది మన పిల్లలే.

2024 అక్టోబర్ 2న మచిలీపట్నంలో ముఖ్యమంత్రి చెత్త పన్ను తీసేస్తున్నామని ప్రకటించినప్పటి నుంచి, మన నెలవారీ చందా ఎందుకని కొందరు ఇవ్వడం మానేశారు. ఆ పన్ను పట్టణాలది, మనది ఆదివారం బండికి మనమే వేసుకున్న చందా. ఇది ఆగితే ఆ బండీ ఆగుతుంది.

ఎరువు కావాల్సినవాళ్లు ముందే పేరు రాయించుకోండి. బస్తా మీరే తెచ్చుకోవాలి, జల్లెడ పట్టిన రోజు కబురు చేస్తాం.