వాడి కాలేజీ డబ్బు, నా పన్ను కాగితాలు

ఎడిసన్, న్యూజెర్సీ
ఏప్రిల్ 6

నాన్నగారికి నమస్కారాలు.

"వాడి చదువుకని దాచిన డబ్బు వాడి చదువుకే తీస్తే మళ్ళీ పన్నేమిటే?" అని మొన్న ఫోనులో కోప్పడ్డారు. అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను. ఇవాళ కాగితాలన్నీ ముందేసుకుని రాస్తున్నాను.

మీ మనవడి చదువుకని మేం డబ్బు దాచిన ఖాతాని ఇక్కడ 529 అంటారు. పన్నుల చట్టంలో సెక్షను నంబరే దాని పేరు. పెరిగిన డబ్బు చదువుకే ఖర్చుపెడితే దానిమీద పన్నుండదు. డబ్బు తీస్తే మరుసటి ఏడాది మొదట్లో 1099-క్యూ అనే కాగితం వస్తుంది. మాకొచ్చిన దాంట్లో మొదటి గడిలో తీసిన మొత్తం 18,000 డాలర్లు, రెండో గడిలో పెరిగినది 6,000, మూడో గడిలో మేం వేసిన అసలు 12,000.

నిరుడు వాడి ఫీజు 11,000, హాస్టలూ తిండీ 8,000. తీసినదానికన్నా ఖర్చే ఎక్కువ కదా అని ధీమాగా ఉన్నాం. సంక్రాంతికి వాడు మీ దగ్గరికొచ్చిన విమానం టికెట్టు కూడా కలిపేద్దామన్నారు ఈయన! ప్రయాణాలు ఇందులో చెల్లవు.

తిరకాసు వేరే చోట ఉంది. కాలేజీ ఫీజు చూపిస్తే పన్నులోంచి 2,500 డాలర్ల దాకా తగ్గించే రాయితీ ఇంకొకటుంది. అది పూర్తిగా రావాలంటే 4,000 ఫీజు దానికింద రాయాలి. ఆ 4,000 మళ్ళీ 529 లెక్కలోకి రాకూడదు, ఒకే రసీదు రెండు చోట్ల చెల్లదు. అంటే 529కి మిగిలిన ఖర్చు 15,000, తీసింది 18,000. ఎక్కువైన 3,000లో పెరిగిన డబ్బు మూడో వంతు. ఆ 1,000 ఆదాయం కింద చూపించాలి. మామూలుగా దానిమీద 10 శాతం అదనపు పన్ను కూడా వేస్తారు, కానీ రాయితీ కోసం పక్కన పెట్టడం వల్ల ఎక్కువైంది కాబట్టి అది తప్పింది.

డబ్బు నేరుగా వాడి ఖాతాలోకి వెళ్ళింది, కాగితమూ వాడి పేరనే వచ్చింది. అందుకని చూపించేది వాడి రిటర్నులోనే. లైబ్రరీలో గంటల లెక్కన పనిచేసే పిల్లాడికి ఆ వెయ్యి మీద పడే పన్నెంత? 2,500 వదులుకోవడం కన్నా ఇదే నయం.

రసీదులు రిటర్నుతో పంపనక్కర్లేదు, అడిగితే చూపించాలంతే. మీరు నా ఫీజు రసీదులు బీరువా పక్కన కమ్మికి గుచ్చి ఉంచేవారే, అలాంటి కమ్మి ఇక్కడ దొరకలేదు. బిస్కెట్ల డబ్బాలో వేస్తున్నాను.

అమ్మని మోకాళ్ళకి నూనె మానొద్దన్నానని చెప్పండి.

మీ అమ్మాయి