బీరువా తాళం తీసిన ఏడాది: వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

పోయిన ఉగాది నుంచి ఈ ఉగాది వరకు చెన్నై సైదాపేటలోని మన తెలుగు సంఘం చేసిన పనుల వివరం ఇది. పండుగల సంగతి రెండు ముక్కల్లో ముగిస్తాను. పచ్చడిలో వేపపువ్వు ఎక్కువైందన్న ఫిర్యాదు తప్ప ఉగాది సజావుగా జరిగింది. వినాయక చవితి పందిరి వానకు ఒరిగింది కానీ పడలేదు. ముగ్గుల పోటీకి వచ్చినవారికి అంతా తెలుసు, రానివారు ఫొటోలు చూసే ఉంటారు. జమాఖర్చుల పట్టికను కోశాధికారిగారు విడిగా ఇస్తారు. నేను రాయవలసింది బీరువా గురించి.

సంఘం గదిలో మూలన ఉన్న ఆ ఇనుప బీరువాలో మూడు తరాల సభ్యులు ఇచ్చిన తెలుగు పుస్తకాలున్నాయి. 2015 డిసెంబరులో అడయారు నది పొంగి నీళ్ళు గదిలోకి వచ్చినప్పుడు కింది రెండు అరలూ మునిగాయి. అప్పట్లో పుస్తకాల బాధ్యత చూస్తున్న పెద్దాయన వాటిని మేడ మీదికి మోయించి, పుట పుటా విడదీసి ఎండబెట్టారు. కొన్ని దక్కాయి. చాలావి అప్పచ్చుల్లా అతుక్కుపోయాయి. మిగిలినవాటిని పై అరల్లోకి ఎక్కించి తాళం వేశారు. ఆ తరువాత ఎవరు పుస్తకం అడిగినా ‘పుస్తకం వనితా విత్తం పరహస్తం గతం గతః’ అని చదివి పంపించేవారు. ఆ శ్లోకంలోని రెండో మాట గురించి మన మహిళా సభ్యులు అన్నదాన్ని నివేదికలో రాయడం కుదరదు.

ఆయనను తప్పు పట్టడం లేదు. నానిన పుస్తకాన్ని చేతుల్లోకి తీసుకున్నవారికే ఆ భయం తెలుస్తుంది. అయితే పోయిన సర్వసభ్య సమావేశంలో, గ్రంథాలయంలో పనిచేసి రిటైరైన మన సభ్యురాలు ఒకరు లేచి ఒక మాట గుర్తు చేశారు. లెక్కల మాస్టారుగా పనిచేస్తూ 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారిగా వచ్చిన ఎస్.ఆర్. రంగనాథన్, 1931లో గ్రంథాలయాలకు అయిదు సూత్రాలు చెప్పారు. వాటిలో మొట్టమొదటిది: పుస్తకాలున్నది వాడుకోవడానికి. “మనం ఆ మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయాం” అన్నారావిడ. పెద్దాయన కాసేపు కిటికీలోంచి బయటికి చూసి, జేబులోంచి తాళంచెవి తీసి బల్లమీద పెట్టారు.

తలుపు తెరిస్తే ముందు కలరా ఉండల వాసన వచ్చింది. మరుసటి ఆదివారం పుస్తకాలు దులిపి, అట్టలు వేసి, బల్లలు వేసుకుని కూర్చున్నాం. ఎవరూ రాలేదు. ఆ పై ఆదివారం కూడా రాలేదు.

ఇక్కడ మనకు ఒక చేదు నిజం తెలిసివచ్చింది. మన పిల్లలకు ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలో ఇంగ్లీషు. తెలుగు గలగలా మాట్లాడతారు, అక్షరం చూపిస్తే తల తిప్పుకుంటారు. చదవగలిగిన పెద్దవాళ్ళు మోకాళ్ళ నొప్పులతో మేడ దిగరు. మధ్యవాళ్ళకు ఆఫీసు. అంటే పుస్తకాలు ఒక చోట, చదువరులు మరొక చోట ఉన్నారు. కార్యవర్గంలో చాలా వాదులాట జరిగాక మనిషికొక కార్డు అన్న ఆలోచన మానేసి, ఇంటికొక కార్డు ఇచ్చాం. బామ్మకు కావలసినదీ మనవడికి కావలసినదీ ఒకే కార్డు మీద వెళతాయి. అందరూ గదికి రాలేరు కనుక గదే వాళ్ళింటికి వెళుతుంది. రెండు గుడ్డ సంచుల్లో పుస్తకాలు వేసుకుని, వారానికొకసారి ఇద్దరు యువసభ్యులు ఇల్లిల్లూ తిరుగుతారు.

ఈ పద్ధతి మనం కనిపెట్టింది కాదు. 1935లో పాతూరి నాగభూషణంగారు పెదవడ్లపూడి, కొల్లిపరల మధ్య కాలువలో పుస్తకాల పడవ నడిపించారు. గట్టు మీద పల్లె కనిపిస్తే పడవ ఆగేది, చదువుకునేవాళ్ళు వచ్చి పుస్తకాలు తీసుకునేవారు. నవంబరు 14 నుంచి 20 దాకా జరిగే గ్రంథాలయ వారోత్సవాల్లో ఈ కథ చెప్పగానే పిల్లలు మన సంచులకు ‘పడవ’ అని పేరు పెట్టేశారు. అదే నెల చివరిలో వాన కురిసి వీధిలో మోకాలి లోతు నీళ్ళు నిలిచాయి. “అంకుల్, ఈ వారం పడవ నిజంగానే వస్తుందా?” అని ఫోను చేసినవాడు మూడో తరగతి చదువుతున్నాడు. వచ్చింది, ప్లాస్టిక్ కవరు చుట్టుకుని.

చందమామ బైండ్ల గురించి కొంచెం నిదానంగా చెప్పాలి. చందమామ 1947 జులైలో ఈ ఊళ్ళోనే, తెలుగులో చందమామగా, తమిళంలో అంబులిమామగా మొదలైంది. మన సభ్యుల్లో ఒకరి ఇంట్లో కోడలు తమిళ అమ్మాయి. పుట్టింటి నుంచి ఆమె తెచ్చుకున్న పాత అంబులిమామ సంచికల్లోని బొమ్మలు, మన బైండులోని బొమ్మలు ఒకటేనని వాళ్ళబ్బాయి గమనించాడు. వాడికి తమిళం చదవడం వచ్చు. రెండింటినీ నేలమీద పక్కపక్కన పరుచుకుని, తమిళంలో ‘రాజా’ ఉన్నచోట తెలుగులో ఏముందో వెతుకుతూ, మనం పలకాబలపం పట్టించకుండానే గుణింతాల్లో సగం దాకా వచ్చేశాడు. బాలశిక్షతో వెంటపడ్డ వాళ్ళ నాయనమ్మకు కొంచెం చిన్నతనంగా ఉంది కానీ, వత్తుల దగ్గర వాడు ఆవిడ దగ్గరికే రావాలి.

మరో ఇంట్లో తాతగారికి కంటి ఆపరేషన్ అయింది. కొన్నాళ్ళు చదవవద్దన్నారు. ఎనిమిదో తరగతి మనవరాలు ఆయన పక్కన కూర్చుని చందమామ సీరియల్ చదివి వినిపించడం మొదలుపెట్టింది. కూడబలుక్కుని చదువుతుంది. వాక్యం సగంలో ఉండగానే ఆయన మిగతా కథంతా చెప్పేస్తారు. “తాతయ్యా, నువ్వే చెప్పేస్తే ఇక నేను చదవడం ఎందుకు?” అని ఆ పిల్ల పుస్తకం మూసేసింది. అప్పటినుంచి ఆయన నోట్లో వక్కపలుకు వేసుకుని కూర్చుంటున్నారు. ఆపరేషన్ అయి ఆరు నెలలు దాటింది, కన్ను బాగానే కనిపిస్తోంది. చదివించుకోవడం మాత్రం మానలేదు.

తప్పులూ చేశాం. డిసెంబరులో ‘ఎక్కువ పుస్తకాలు చదివిన పిల్లలకు బహుమతి’ అని ప్రకటించడం వాటిలో పెద్దది. బాధ్యత నాదే. రెండు వారాల్లో పిల్లలు సన్నపాటి పుస్తకాలు ఏరుకోవడం మొదలుపెట్టారు, తల్లులు లెక్కలు రాయడం మొదలుపెట్టారు, ఒక నాన్నగారు పక్కింటి పిల్ల మీద నాకు ఫిర్యాదు చేశారు. పోటీ రద్దు చేసి, కొన్న బహుమతులను అందరికీ పంచేశాం. నన్నడిగితే, మళ్ళీ ఎవరైనా అలాంటి పోటీ ప్రతిపాదిస్తే ఓటింగు కూడా అక్కర్లేదు.

రెండు గ్రంథాలయ యాత్రలు చేశాం. మొదటిది కోట్టూరుపురంలోని అన్నా శతజయంతి గ్రంథాలయానికి. 2010 సెప్టెంబరు 15న తెరిచిన ఈ భవనం మన పేట నుంచి ఆటోలో వెళ్ళే దూరమే. అయినా వచ్చిన కుటుంబాల్లో ఎక్కువమంది లోపల అడుగుపెట్టడం అదే మొదలు. పిల్లల విభాగంలోని చెట్టు బొమ్మ కింద చిన్నవాళ్ళు కూర్చున్నారు. మన పుస్తకాలు మనమే తెచ్చుకుని చదువుకునే విభాగం ఉందని తెలిసి పరీక్షలకు చదివే కుర్రాళ్ళు సంబరపడ్డారు. ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారం కూడా ఇప్పుడు ఆ భవనంలోనే ఉంది. సి.పి. బ్రౌన్ పోగుచేసిన తెలుగు రాతప్రతులు చేరింది ఆ భాండాగారానికే. 1820లో కడపకు వచ్చిన ఆ దొర సొంత డబ్బుతో పండితులను పెట్టుకుని ప్రతులు రాయించాడనీ, వేమన పద్యాలను 1829లో అచ్చు వేయించాడనీ పెద్దాయన చెబుతుంటే, ఒక చిన్నది అడ్డుపడింది. “తాళపత్రం అంటే తాళం వేసిన పత్రమా?” నవ్వనివాళ్ళు లేరు. అందరికంటే ఎక్కువసేపు నవ్వింది పెద్దాయనే.

రెండోది, లోకల్ రైల్లో ఎగ్మోరు వెళ్ళి చూసిన కన్నెమరా గ్రంథాలయం. 1896లో తెరిచారు. 1954 నాటి చట్టం ప్రకారం దేశంలో అచ్చయిన ప్రతి పుస్తకం నుంచీ ఒక ప్రతి చేరవలసిన నాలుగు గ్రంథాలయాల్లో ఇది ఒకటి, అంటే తెలుగు పుస్తకాలు కూడా. ఆ మాట విని, మన సభ్యురాలు ఒకరు వాళ్ళ తాతగారు 1960ల్లో సొంత ఖర్చుతో వేయించుకున్న శతకం కోసం వెతికారు. ఇంట్లో ఉన్న ఒక్క ప్రతీ వరదలో పోయింది. దొరకలేదు. చట్టం పంపమంది, తాతగారు పంపి ఉండరు. ఆవిడ కాసేపు దిగాలుగా ఉండి, పక్కన కనిపించిన వేరే శతకం తీసి చదువుతూ కూర్చున్నారు. భోజనాలకు పిలవడానికి రెండుసార్లు మనిషిని పంపవలసి వచ్చింది.

ఇంటి పన్ను రసీదు ఒకసారి తీసి చూడండి. అందులో గ్రంథాలయ సెస్సు అని ఉంటుంది. 1948 నాటి మద్రాసు గ్రంథాలయ చట్టం నుంచి వస్తున్న పన్ను అది. అప్పటికి ఆంధ్ర, రాయలసీమ జిల్లాలు కూడా మద్రాసు రాష్ట్రంలోవే కనుక మన తాతలూ కట్టారు. కడుతున్నప్పుడు వాడుకోకపోవడం ఏమిటి? పేటలోని శాఖా గ్రంథాలయంలో ఇంటిల్లిపాదీ సభ్యులుగా చేరేందుకు దరఖాస్తులు సంఘం గదిలో ఉంచాం. తెలుగు పుస్తకాలు అడిగేవాళ్ళు పెరిగితేనే తెలుగు అర పెరుగుతుంది.

ఆలస్యానికి జరిమానా వద్దని కార్యవర్గం తీర్మానించింది. కోశాధికారిగారి అసమ్మతిని ఆయన కోరిక మేరకు ఇక్కడ నమోదు చేస్తున్నాను. వంటల పుస్తకం చింతపండు మరకలతో తిరిగి వచ్చింది. దాన్ని ఫిర్యాదుగా కాక, పుస్తకం పనికి వచ్చినట్టుగా రాసుకున్నాం.

చివరగా ఒక విన్నపం. రెండు భాగాల చందమామ బైండులో రెండోది కనిపించడం లేదు. పడవ మీద ఎవరింటికో వెళ్ళింది, కార్డులో పడలేదు. పైన చెప్పిన సీరియల్ ముగింపు అందులోనే ఉంది. మనవరాలు మొదటి బైండు పూర్తిచేసి నెల దాటింది. ముగింపు ఏమిటని అడిగితే, అన్నీ ముందే చెప్పేసే ఆ తాతగారికి అది మాత్రం గుర్తు రావడం లేదట. ఆయన కూడా రోజూ ఫోను చేస్తున్నారు. తీసుకున్నవారు ఏ వేళప్పుడైనా తెచ్చి బీరువాలో పెట్టి వెళ్ళవచ్చు. తాళం వేయడం లేదు.

కార్యదర్శి
సైదాపేట, చెన్నై