మా వాకిలికి 45 మిల్లీమీటర్ల గడ్డి అంటగట్టినందుకు ఫిర్యాదు

కస్టమర్ కేర్ మేనేజరు గారికి,

విషయం: ఇంటి వాకిట్లో వేసిన కృత్రిమ గడ్డికి పనికిరాని ఎత్తు సూచించడం గురించి, కొంత భాగం మార్చి వేయవలసిందిగా కోరుతూ.

అయ్యా,

మీ విజయనగరం డీలరు ద్వారా ఈ వేసవికి ముందు మా వాకిట్లో 45 మి.మీ. గడ్డి వేయించుకున్నాం. కొలతలకు వచ్చిన మీ సేల్స్ అబ్బాయికి ఆ వాకిలి వాడకం ఎలా ఉంటుందో నేనే దగ్గరుండి చెప్పాను. గేటు నుంచి అరుగు దాకా రోజంతా మనుషులు తిరుగుతారు, స్కూటీ లోపలికే వస్తుంది, ఓ మూల మునగచెట్టు ఉంది, సెలవు రోజు పిల్లలు బంతాట ఆడతారు. అన్నీ విని, "25 అయితే మరీ బోసిగా ఉంటుంది మేడమ్, 45 తీసుకోండి, అది ప్రీమియం" అన్నాడు. మీ కేటలాగుదీ అదే వరస. ఎత్తు పెరిగేకొద్దీ పేరు గొప్పదవుతుంది, అడుగు ధర పెరుగుతుంది. ఏ ఎత్తు ఎలాంటి చోటికి నప్పుతుందన్న ముక్క మాత్రం ఒక్క పేజీలోనూ లేదు. నా ఫిర్యాదంతా దాని గురించే.

గడ్డి పరిచిన సాయంత్రమే గేటు పట్టేసింది. దాని అడుగున ఖాళీ అంగుళం, అంటే 25 మి.మీ. పైచిలుకు. అక్కడ 45 మి.మీ. గడ్డి ఎలా పడుతుంది? కొలతకొచ్చిన మనిషి టేపు పొడవుకీ వెడల్పుకీ పట్టాడు గానీ గేటు కింద పెట్టి చూడలేదు. మీ పనివాళ్లు చివరికి గేటు తిరిగినంత మేరా కత్తెరతో కోసేశారు. వచ్చిన చుట్టాలందరూ ముందు అదే అడుగుతున్నారు, ఇక్కడెందుకు గుండు కొట్టించారని. గుమ్మం ముందు ముగ్గు కోసం రెండడుగుల గచ్చు వదలమని నేను పట్టుబట్టాను కాబట్టి ఆ కాస్తైనా మిగిలింది.

నడిచే దారి ఎండాకాలం దాటకముందే అణిగిపోయింది. పోగు ఎంత పొడుగైతే అంత తొందరగా పక్కకి ఒరుగుతుంది. నిలబడాలంటే మొదట్లో తగినంత సిలికా ఇసుక చల్లి ఊతమివ్వాలి, తర్వాత అప్పుడప్పుడూ గట్టి బ్రష్షుతో వాలుకి ఎదురుగా దువ్వుతుండాలి. మీ పనివాళ్లు గుప్పెడు ఇసుక వేయలేదు. అడిగితే, చంపావతి ఇసుక ఒక బస్తా తెప్పించి చల్లుకోండి అన్నారు. మట్టి కలిసిన ఏటి ఇసుక వేస్తే వానకి అది అడుగున పేరుకుని, నీరు దిగే కన్నాలు పూడిపోవా?

ఇక మునగచెట్టు సంగతి. పూత రోజుల్లో తెల్లారేసరికి వాకిలంతా పూలే. మునుపు గచ్చు మీద రెండు చీపురు దెబ్బలతో పోయేవి. ఇప్పుడు పువ్వు పొడుగు పోగుల మధ్య నుంచి అడుగుకి దిగి, అక్కడి గోధుమరంగు ఉంగరాల పోగుల్లో చిక్కుకుంటుంది. చీపురు పైపైన దువ్వి వచ్చేస్తుంది. చినుకు పడిందంటే అవన్నీ కుళ్లి వాసన. మా పనమ్మాయి కూర్చుని వేళ్లతో ఏరుతోంది, పాపం. 25, 30 మి.మీ. ఒత్తు గడ్డయితే ఇంత లోతుకి దిగేవి కావు.

ఒత్తు అన్నాను కాబట్టి ఇంకో మాట. మీ బిల్లులో 45 అన్న అంకె తప్ప ఏమీ లేదు. చదరపు మీటరుకి కుట్లు ఎన్ని, అందులో పోగుల మొత్తం బరువెంత అన్నది రాయలేదు. పోగు బరువు పెంచకుండా ఎత్తొక్కటే పెంచితే గడ్డి పల్చబడుతుందని తెలియడానికి ఇంజనీరింగ్ చదవక్కర్లేదు. మీరు మిగిల్చి వెళ్లిన ముక్కని వెనక్కి మడిచి చూస్తే కుట్ల వరసల మధ్య నల్లటి పొర బయటపడుతోంది. పైగా ఎత్తు కొలవాల్సింది ఆ పొర మీది నుంచి పోగు కొస దాకా. పొరతో సహా కొలిస్తే గానీ ఈ ముక్క 45కి రావడం లేదు.

మీ డీలరు ఫోన్లో, ఫుట్‌బాల్ మైదానాలకే 50, 60 మి.మీ. వేస్తారండీ అని వాదించాడు. వేస్తారు. అందులో చాలా భాగం ఇసుక, రబ్బరు గుళికలతో నింపేస్తారు, పైకి తేలేది కొసలే. హాకీ మైదానానికి వేసేది పొట్టి గడ్డి, గోల్ఫ్ బంతి దొర్లే చోటా అంతే. అవేవీ నాసిరకం కావు కదా!

మే నెల మధ్యాహ్నం ఆ గడ్డి కాలడం గురించి మిమ్మల్ని ఏమీ అనను. ప్లాస్టిక్ గడ్డి ఏ ఎత్తుదైనా కాలుతుంది.

మొత్తం పీకేసి డబ్బు తిరిగివ్వమని నేను అడగడం లేదు. గేటు నుంచి అరుగు దాకా ఉన్న దారి, మునగచెట్టు కింది భాగం తీసేసి, 25 నుంచి 30 మి.మీ. లోపు ఒత్తు గడ్డి మీ ఖర్చుతో వేయండి, వేసిన చోట సిలికా ఇసుక కూడా మీరే చల్లించండి. కుట్ల లెక్క, పోగు బరువు బిల్లు మీద రాసివ్వండి. జామచెట్టు పక్కన పిల్లలు కూర్చునే మూల మెత్తగా బాగానే ఉంది, దాన్ని కదపొద్దు. రెండెత్తులు కలిసేచోట కడపరాయి పట్టీ వేయిస్తాం, ఆ ఖర్చు మాది.

ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వండి. ఫోన్లో "రేపు పంపిస్తాం" అనే మాటలు చాలా విన్నాను. జవాబు రాకపోతే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేసి, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కి వెళ్తాను. 5 లక్షల లోపు కొనుగోలుకి అక్కడ ఫీజు కూడా లేదు.

మనిషిని పంపేటప్పుడు ఉదయం పది లోపు పంపండి, ఈసారి గేటు కింద ఖాళీ కూడా కొలవమనండి.

ఇట్లు,
మీ వినియోగదారురాలు,
కంటోన్మెంట్, విజయనగరం.

జతపరచినవి: బిల్లు నకలు, గేటు దగ్గరి ఫొటోలు, స్కేలు పెట్టి తీసిన గడ్డి ముక్క ఫొటో.