రిసార్టు బుక్ చేసే ముందు ఇది చదువు

ఒరేయ్ రవీ,

నీ వాయిస్ మెసేజ్ విన్నాను. సంక్రాంతికి మీ ఆఫీసు బ్యాచ్ మొత్తాన్ని గుంటూరు తీసుకొస్తానన్నావు, సంతోషం. కానీ సూర్యలంక బీచ్ దగ్గర ఏదో ఎకో రిసార్టు చూశానని, వెదురు గోడలని, రాత్రి ఒడ్డున డీజే, ఫ్లడ్‌లైట్లు, క్యాంప్‌ఫైర్ అన్నీ ప్యాకేజీలోనే అని మురిసిపోతున్నావు చూడు, అక్కడే నాకు తేడా కొట్టింది. ఫోన్లో చెబితే నన్ను మాట్లాడనివ్వవు, అందుకే రాస్తున్నా.

ముందు ఆ డీజే సంగతి. జనవరి నుంచి మార్చి దాకా మన తీరానికి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. తల్లి రాత్రిపూట ఒడ్డెక్కి, వెనక కాళ్లతో ఇసకలో గొయ్యి తవ్వి, వందకి అటూ ఇటూగా గుడ్లు పెట్టి, పైన ఇసక కప్పేసి వెళ్లిపోతుంది. ఒడ్డు మీద లైట్లూ, జనం గోలా ఉంటే గుడ్లు పెట్టకుండానే వెనక్కి తిరుగుతుంది. పెట్టినా గండం తప్పదు. నెలన్నర, రెండు నెలలకి పిల్లలు బయటికొచ్చి ఎటు వెలుతురు ఎక్కువుంటే అటు పాకుతాయి. మామూలుగా రాత్రిపూట నేల కంటే సముద్రం వైపే కాస్త వెలుగుంటుంది కాబట్టి వాటికి పుట్టుకతో వచ్చిన గుర్తు అదొక్కటే. ఇప్పుడా వెలుగు రిసార్టు వైపు ఉంటే అవి రిసార్టుకే వస్తాయి, తెల్లారేసరికి కుక్కల పాలో కాకుల పాలో అవుతాయి. అటవీ శాఖ వాళ్లు గుడ్లు ఏరి హేచరీల్లో పెట్టి పిల్లల్ని సముద్రంలో వదులుతున్నారు, నిజమే, కానీ ఒడ్డంతా వాళ్లే కాపలా కాయలేరు కదా. గోడలు వెదురుతో కట్టి, జ్యూస్‌లో కాగితం స్ట్రా వేసి, సరిగ్గా ఆ సీజన్లోనే ఇసక మీదకి ఫ్లడ్‌లైట్లు తిప్పితే అందులో ఎకో ఎక్కడుందో నువ్వే చెప్పు.

అంతర్జాతీయ ఎకోటూరిజం సొసైటీ అని ఒకటుంది, 1990లో పెట్టారు. వాళ్ల లెక్క ప్రకారం మనం వెళ్లడం వల్ల ఆ చోటి ప్రకృతి నిలబడాలి, అక్కడి మనుషుల బతుకు బాగుపడాలి. 2015లో దీనికి ఇంకోటి కలిపారు, వెళ్లినవాడూ, అక్కడున్నవాడూ ఏదో ఒకటి నేర్చుకోవాలని. మనవాళ్లు మొదటి దాన్ని పట్టుకుంటారు, అదీ ప్లాస్టిక్ బాటిల్ వరకే. రెండోదాని ఊసే ఎవడూ ఎత్తడు. నన్నడిగితే అసలు గొడవంతా అక్కడే ఉంది. నువ్వు కట్టే డబ్బు ఎవరి జేబులోకి పోతోంది? ఆ రిసార్టు ఓనర్ ఏ ఊరివాడు, వంటవాడు ఎక్కణ్నుంచి వచ్చాడు, ప్లేట్లో చేప పక్క పల్లెలో మత్స్యకారుల దగ్గర కొన్నదా, ఐస్ పెట్టెలో ఎక్కణ్నుంచో వచ్చిందా? ఫోన్ చేసి అడుగు. వాచ్‌మన్, రూములు ఊడ్చే ఆవిడ తప్ప స్థానికులెవరూ లేరంటే మిగతాదంతా పెయింటే.

మారేడుమిల్లి అడవుల్లో అటవీ శాఖ ఈ పని కొంచెం వేరేగా చేసింది. వనసంరక్షణ సమితుల్లో ఉన్న ఆదివాసీల చేతనే క్యాంపులూ, కాటేజీలూ నడిపించింది. అడవి నిలబడితేనే వాళ్లకి పని ఉంటుంది, కాబట్టి కాపాడమని వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. అంతా గొప్పగా ఉందని అనను. రీల్స్ పుణ్యమా అని వీకెండ్ వస్తే అక్కడ కార్లకి చోటు ఉండదు, జలపాతాల దగ్గర బీరు సీసాలు. అయినా ఆ పద్ధతిలో న్యాయం ఉంది. వెళ్తే వారం మధ్యలో వెళ్లు, బొంగు చికెన్ రోడ్డు పక్కన ఆ ఊరి వాళ్లు కాల్చేదే తిను.

ఇంతకీ మీ బ్యాచ్‌ని నేను మొదట తీసుకెళ్లేది ఉప్పలపాడు. గుంటూరు పక్కనే ఉన్న మామూలు పల్లెటూరు, ఊళ్లో చెరువు, చెరువులో చెట్లు. వాటి మీద గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ల కొంగలు, కంకణాలు, నీటికాకులు. చెట్లు చాలక నీళ్లలో ఇనప స్టాండ్లు పెడితే వాటి మీదా గూళ్లు కట్టేశాయి. మొదటిసారి వెళ్లినవాడికి ముందు తగిలేది కంపు, చెప్పేస్తున్నా, మీ వాళ్లలో సెంటు కొట్టుకొచ్చే వాళ్లుంటే ముందే హెచ్చరించు. పది నిమిషాలకి ముక్కు అలవాటు పడుతుంది, అప్పుడు కళ్లు పనిచేస్తాయి. తల్లి గూడబాతు వచ్చి వాలగానే పిల్ల దాని నోట్లోకి తలా మెడా అన్నీ దూర్చేస్తుంది, గొంతు సంచిలో చేపలు వెతుక్కుంటూ. చూస్తుంటే తల్లి పిల్లని మింగుతోందేమో అనిపిస్తుంది. తింటున్నది పిల్ల.

ఆ పక్షులు ఊరి మధ్యకొచ్చి గూళ్లు పెట్టాయంటే ఆ ఊరివాళ్లు వాటి జోలికి పోరు కాబట్టే. కంపు భరించేది వాళ్లు, నీళ్లు పాడైతే ఇబ్బంది పడేదీ వాళ్లే. మనం గంటసేపు చూసి ఫొటోలు తీసుకుని వచ్చేస్తాం. కాబట్టి అక్కడ టికెట్ డబ్బులకి బేరం మొదలెట్టావంటే నిన్నక్కడే వదిలేసి వస్తా. టీ, టిఫిన్, కొబ్బరి బోండాలు కూడా ఆ ఊళ్లోనే. చప్పట్లు, ఈలలు, డ్రోన్లు వద్దు. బెదిరి తల్లి లేచిపోతే ఎండలో పిల్లలు మాడతాయి, గుడ్లు కాకులు ఎత్తుకుపోతాయి.

కొల్లేరు కూడా చూపిస్తావా అని అడిగావు. అక్కడి ఆటపాక పక్షుల కేంద్రం దాకా వెళ్లొచ్చు, అక్కడా గూడబాతులే, పడవ మీద తిప్పుతారు. కాకపోతే కొల్లేరు కథ మీవాళ్లకి కొంచెం చెప్పి తీసుకెళ్లాలి. 1999లో ప్లస్ అయిదో కాంటూరు దాకా, అంటే సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తు వరకూ అభయారణ్యం అన్నారు, 2002లో రామ్‌సర్ జాబితాలోకి, అంటే ప్రపంచంలో ముఖ్యమైన చిత్తడి నేలల లిస్టులోకి వచ్చింది, 2006లో సరస్సులో వేసిన చేపల చెరువుల గట్లు తవ్వి కొట్టేశారు. సరస్సు ఊపిరి పీల్చుకోవాలంటే అది తప్పదని నేనూ అంటాను, కానీ ఆ చెరువుల మీదే బతికే చిన్నవాడికి బదులుగా ఏం దొరికిందని అడిగితే అక్కడ ఒక్కొక్కడూ ఒక్కో కథ చెబుతాడు. పక్షులకి చోటిచ్చి మనిషికి పని చూపించకపోతే ఆ గట్లు మళ్లీ లేస్తాయి, లేచాయి కూడా.

నువ్వు ఎప్పుడూ పొగిడే భూటాన్ గురించి ఒక మాట. 2022లో బయటి దేశాల టూరిస్టులకి రాత్రికి 200 డాలర్ల ఫీజు పెట్టారు, మరుసటి ఏడు సగానికి తగ్గించారు, మనకైతే రోజుకి 1200 రూపాయలు. జనాన్ని తగ్గించడం మంచిదే, కానీ డబ్బుతో జల్లెడ పడితే ఉన్నవాడే చూస్తాడు, నాకది నచ్చదు. మన శ్రీశైలం ఘాట్‌లో రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా గేట్లు వేసేస్తారు కదా, బీఎండబ్ల్యూ అయినా ఆటో అయినా ఆగాల్సిందే, జంతువులు రోడ్డు దాటుకుంటాయి. నా ఓటు దానికి.

కొండపల్లి కూడా పెట్టుకుందాం. బొమ్మలు హైవే మీద షోరూముల్లో కాకుండా చేసేవాళ్ల ఇళ్ల దగ్గరే కొనండి. తెల్ల పొణికి చెక్క దొరకడమే కష్టంగా ఉందంటున్నారు, అందుకని బేరమాడేటప్పుడు కొంచెం మొహమాట పడండి. మీ కంపెనీలో గిఫ్టులిచ్చుకుంటారుగా, ప్లాస్టిక్ వినాయకుడి బదులు ఒక దశావతారాల సెట్టు తీసుకోండి.

ఇక కార్లు. మూడు కార్లేసుకుని వస్తామన్నావు. పండగ రద్దీలో టోల్‌గేట్ల దగ్గర గంటలకొద్దీ ఏసీలు వేసుకుని కూర్చునేదాని కంటే గోల్కొండ ఎక్స్‌ప్రెస్ రైలెక్కితే నేరుగా గుంటూరులో దిగుతారు. రిజర్వేషన్ ఓపెన్ అవ్వగానే తీసెయ్, పండగ టికెట్లు ఉఫ్ మంటే అయిపోతాయి. ఇక్కడ తిరగడానికి మా వీధిలో టెంపో ట్రావెలర్ ఉన్న అబ్బాయితో మాట్లాడతా, మీరు డీజిల్ కొట్టించి రోజు బత్తా ఇస్తే చాలు.

సూర్యలంక మానేయమని అనట్లేదు. బాపట్ల రైల్లో వెళ్లి, పగలు స్నానాలు చేసి, ఒడ్డున బజ్జీల బండి దగ్గర తిని, చీకటి పడే లోపు బయలుదేరదాం. ఆ రిసార్టు వాడికి ఫోన్ చేసి రాత్రి ఒడ్డు వైపు లైట్లు ఆపుతావా అని ఒక్కసారి అడుగు, ఏమన్నాడో నాకు చెప్పు. అడ్వాన్స్ కట్టి ఉంటే మాత్రం వెంటనే వెనక్కి తీసుకో, పండగ దగ్గర పడితే వాళ్లు ఇవ్వరు.

ఎంతమంది వస్తున్నారో లెక్క తేల్చు, అమ్మ అరిసెలకి బియ్యం నానబెట్టేముందు అడుగుతోంది. బైనాక్యులర్స్ మీ బావ దగ్గరున్నాయన్నావుగా, తీసుకురా.

నీ
సుబ్బు